గవర్నమెంట్ సైట్ లింకులు కావాలన్న ఆక్వా ల్యాబ్: ఒక పూర్తి కేస్ స్టడీ

ఈ కేస్ రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా. నా పని వెబ్‌సైట్లు గూగుల్ వెతుకులాటలో పైకి వచ్చేలా చేయడం, అంటే ఎస్ఈఓ. నా దగ్గరికి వచ్చే క్లయింట్లలో చాలామంది మొదటి మీటింగ్‌లోనే "సార్, డాట్ గవ్ లింకులు, డాట్ ఎడ్యు లింకులు పెట్టిస్తే ర్యాంక్ వచ్చేస్తుందంట కదా" అని అడుగుతారు, అంటే ప్రభుత్వ, యూనివర్సిటీ సైట్ల నుంచి తమ సైట్‌కి లింకులు, నేను ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకురావాల్సి వస్తోంది. క్లయింట్‌ని అడిగి, సరే అన్నాకే రాస్తున్నా. పేరు, ఊరు, కాలేజీ, ఆఫీసు ఏవీ చెప్పను, గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా.

క్లయింట్ సంగతి

గోదావరి జిల్లాల్లో ఒక ప్రైవేట్ ఆక్వా ల్యాబ్. రొయ్యల చెరువుల నీళ్లు, మట్టి పరీక్ష చేస్తారు, సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు, తర్వాత పీసీఆర్, అంటే జబ్బు క్రిములు ఉన్నాయేమో చూసే పరీక్ష చేస్తారు. 2009లో వనామి రొయ్యకి పర్మిషన్ వచ్చాక ఆ ఏరియాలో ఇలాంటి ల్యాబులు ఎన్ని వచ్చాయో అక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు, పోటీ చాలా ఎక్కువ. ఓనర్ గారిది యాభై దాటిన వయసు, ఆయన కూడా ఒకప్పుడు చెరువులు చేసినవారే. ల్యాబ్ నడిపేది మాత్రం ఒక మేనేజర్, మైక్రోబయాలజీ చదివిన కుర్రాడు. ఈ కథలో అసలు మనిషి ఆయనే, తర్వాత చెప్తా.

వెబ్‌సైట్ మొత్తం ఇంగ్లీషులో ఉంది, పదిహేను పేజీలు ఉంటాయేమో, అన్నీ "మేము క్వాలిటీ సర్వీస్ ఇస్తాం" అనే టైపు. రైతులు వెతికేదేమో తెలుగులో, లేదంటే వాయిస్‌లో. నా దృష్టిలో అసలు సమస్య అది, కానీ ఆయన నా దగ్గరికి వచ్చింది దాని కోసం కాదు.

ఏ సమస్యతో వచ్చారు

అంతకుముందు ఒక ఏజెన్సీ వాళ్లకి 18 వేలు కట్టారు, "150 గవ్, ఎడ్యు బ్యాక్‌లింకులు" అనే ప్యాకేజీకి. ఎక్సెల్ షీట్ ఇచ్చారు, నాలుగు నెలలు గడిచాయి, ఏమీ కదల్లేదు. ఆయన అడిగిందేంటంటే "ఆళ్ల లింకులు మంచివి కాదేమోనండి, మీరు మంచివి పెట్టించండి" అని. అంటే ఆలోచన తప్పని ఆయనకి అనిపించలేదు, సరుకు తప్పనిపించింది.

నేను షీట్ తీసుకుని ఒక్కో లింకూ తెరిచి చూశా, రెండు రోజులు పట్టింది. టూల్‌లో వేసి డొమైన్ అథారిటీ (సైట్‌కి ఎంత బలం ఉందో చెప్పే అంచనా) నంబర్ చూసి వదిలేయొచ్చు గానీ, ఆ నంబర్ మాజ్ అనే కంపెనీ లెక్క, గూగుల్ వాడేది కాదు, పైగా ఇలాంటి లింకుల విషయంలో అది పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. యూనివర్సిటీ డొమైన్‌కి 80 ఉంటుంది, మన లింక్ ఉన్న పేజీ మాత్రం ఎవరూ చూడని ఒక ప్రొఫైల్ పేజీ.

మూడు రకాలు కనిపించాయి. ఎక్కువ భాగం విదేశీ యూనివర్సిటీల ఫోరమ్‌లలో, మూడుల్ లాంటి క్లాస్ సాఫ్ట్‌వేర్‌లో అకౌంట్ తెరిచి ప్రొఫైల్‌లో పెట్టిన లింకులు, వాటిలో చాలా వరకు అసలు గూగుల్ ఇండెక్స్‌లోనే, అంటే అది వెతికే పేజీల జాబితాలోనే లేవు. రెండోది పాత బ్లాగుల కింద కామెంట్లు, అన్నీ నోఫాలో, అంటే ఈ లింక్‌ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు ఉన్నవి. మూడో రకం చూసి మాత్రం నిజంగా భయం వేసింది. మన దేశంలోనే వేరే రాష్ట్రంలో ఉన్న ఒక డిగ్రీ కాలేజీ సైట్‌లో, మెనూలో ఎక్కడా కనిపించని ఒక ఫోల్డర్, అందులో వందల పేజీలు, బెట్టింగ్, లోన్ యాప్‌ల మధ్యలో మా క్లయింట్ ల్యాబ్ పేరు! ఆ సైట్‌ని ఎవరో హ్యాక్ చేశారు, అందులో చోటు అమ్ముకుంటున్నారు. కాలేజీ వాళ్లకి తెలియను కూడా తెలియదు.

ఓనర్ గారికి స్క్రీన్ మీద చూపించా. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఐటీ యాక్ట్ 2000 కింద పర్మిషన్ లేకుండా వేరేవాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లి మార్పులు చేయడం నేరం, ఆయన చేయించలేదు, ఆయనకి తెలియదు, అయినా లింక్ మాత్రం ఆయన ల్యాబ్ పేరు మీదే ఉంది. ఇది డబ్బు పోయిన విషయం కంటే పెద్దదని అప్పుడు అర్థమైంది ఆయనకి.

అసలు ఈ నమ్మకం ఎక్కడిది

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆయనకి కూడా ఇదే చెప్పా. 1998లో పేజ్‌ర్యాంక్ (వచ్చే లింకుల్ని బట్టి పేజీ విలువ లెక్కించే గూగుల్ పద్ధతి) పేపర్ వచ్చింది స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచే. ఆ రోజుల్లో వెబ్‌లో పాత సైట్లు, ఎక్కువమంది లింక్ ఇచ్చిన సైట్లు అంటే యూనివర్సిటీలూ ప్రభుత్వ సంస్థలే, అందుకే వాటి నుంచి వచ్చే లింక్‌కి బలం ఉండేది. బలం ఆ పేజీకి వచ్చిన లింకుల వల్ల, పేరు చివర ఉన్న డాట్ ఎడ్యు వల్ల కాదు. గూగుల్ తరఫున మ్యాట్ కట్స్ ఉన్నప్పుడూ ఆ తర్వాత జాన్ మ్యుల్లర్ కూడా ఇదే చెప్పారు, డొమైన్ ఎక్స్‌టెన్షన్‌కి ప్రత్యేకంగా మార్కులు లేవని. మ్యుల్లర్ ఇంకో మాట కూడా అన్నారు, ఈ అపోహ వల్లే ఎడ్యు సైట్లలో స్పామ్ ఎక్కువైపోయి, వాటిలోని లింకులు చాలా వాటిని తాము పట్టించుకోవట్లేదని.

ఇంకోటి, డాట్ ఎడ్యు అనేది దాదాపుగా అమెరికాలో గుర్తింపు ఉన్న కాలేజీలకే ఇస్తారు, డాట్ గవ్ అమెరికా ప్రభుత్వానిది. మనకి ప్రభుత్వ సైట్లంటే కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ ఇచ్చే డాట్ గవ్ డాట్ ఇన్, కాలేజీలంటే విద్యాసంస్థల నెట్‌వర్క్ సంస్థ ఎర్నెట్ ఇచ్చే డాట్ ఏసీ డాట్ ఇన్, డాట్ ఎడ్యు డాట్ ఇన్. మన డిగ్రీ కాలేజీల్లో చాలా వాటికి అవి కూడా ఉండవు, మామూలు డాట్ కామ్‌లో నడిపేస్తారు. కోనసీమ రైతు కోసం ఉన్న ల్యాబ్‌కి ఎక్కడో ఒహాయోలో స్టూడెంట్ ప్రొఫైల్ నుంచి లింక్ ఎందుకు చెప్పండి?

మొదటి నిర్ణయం: పాత లింకులు ఏం చేయాలి

సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష ఏమీ లేదు. గూగుల్ 2016 పెంగ్విన్ అప్‌డేట్ నుంచీ ఇలాంటి లింకుల్ని చాలావరకు లెక్కలోంచి తీసేస్తోందంతే, 2022 డిసెంబర్‌లో స్పామ్‌బ్రెయిన్ అనే తన స్పామ్ పట్టే ఏఐ సిస్టమ్‌తో అదే పని ఇంకా గట్టిగా చేసింది. కాబట్టి మామూలుగా అయితే నేను డిసావో ఫైల్ (ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితా) జోలికి వెళ్లను, దాన్ని తప్పుగా వాడితే మంచి లింకులు కూడా పోతాయి. ఇక్కడ మాత్రం వెళ్లాను, ఎందుకంటే ఇవి ఎవరో తెలియనివాళ్లు మన మీద వేసినవి కావు, మనమే డబ్బులిచ్చి కొన్నవి, రేపు ఎవరైనా మనిషి కూర్చుని చూస్తే చెప్పడానికి సమాధానం ఉండదు. విదేశీ ఫోరమ్‌లకి డొమైన్ మొత్తం పెట్టా. హ్యాక్ అయిన కాలేజీకి మాత్రం ఆ దొంగ పేజీల యూఆర్ఎల్స్ ఒక్కోటీ విడిగా పెట్టా, డొమైన్ మొత్తం కాదు, ఎందుకంటే ఆ కాలేజీ తప్పేమీ లేదు, దాని సైట్ మొత్తాన్ని చెడ్డదని నేను రాసివ్వడం సరైంది కాదనిపించింది.

కాలేజీ ప్రిన్సిపాల్‌కి మెయిల్ రాశాం, ఏ ఫోల్డర్‌లో ఏముందో స్క్రీన్‌షాట్లతో, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి రిపోర్ట్ చేయొచ్చని కూడా చెప్పి. జవాబు రాలేదు గానీ మూడు వారాల తర్వాత చూస్తే ఆ ఫోల్డర్ లేదు. ఇదంతా అయ్యాక ర్యాంకింగ్‌లో ఏం మారిందంటే, ఏమీ మారలేదు. మారుతుందని నేను అనుకోలేదు కూడా.

ఏం ట్రై చేశాం, ఏం ఫెయిల్ అయ్యింది

ఓనర్ గారికి ఇంకా గవర్నమెంట్ లింక్ మీద ఆశ ఉంది. నాకు కూడా నిజాయితీగా వచ్చే లింక్ అయితే అభ్యంతరం లేదు, అందుకే మూడు పనులు చేశాం.

మొదటిది జిల్లా వెబ్‌సైట్. ఇప్పుడు జిల్లా సైట్లు దాదాపు అన్నీ ఎన్ఐసీ వాళ్ల ఎస్ త్రీ వాస్ ప్లాట్‌ఫామ్ మీద నడుస్తున్నాయి, వాటిలో ఉపయోగకరమైన లింకుల లాంటి సెక్షన్ ఉంటుంది. మెయిల్ పెట్టాం, ఫోన్ చేశాం. అక్కడి టెక్నికల్ ఆఫీసర్ చాలా మర్యాదగా చెప్పారు, "మేం సైట్ నడుపుతామండి, ఏం పెట్టాలో డిపార్ట్‌మెంట్ చెప్పాలి, ప్రైవేట్ ల్యాబ్ లింక్ పెట్టమని ఏ డిపార్ట్‌మెంటూ రాసివ్వదు." ఆయన చెప్పింది నిజం. ప్రభుత్వ సైట్లకి జీఐజీడబ్ల్యూ అనే గైడ్‌లైన్స్ ఉన్నాయి, బయటి సైట్‌కి లింక్ ఇవ్వడానికి ఒక పాలసీ ఉండాలి. మీరు గమనించే ఉంటారు, జిల్లా సైట్‌లో బయటి లింక్ నొక్కితే "మీరు వేరే వెబ్‌సైట్‌కి వెళ్తున్నారు" అని అడుగుతుంది. ఇందులో నా తప్పుంది, సైట్ నడిపేవాళ్లకీ అందులో ఏముండాలో తేల్చేవాళ్లకీ తేడా చూడకుండా అడిగేశా, నెల రోజులు పోయాయి.

రెండోది స్కాలర్‌షిప్. విదేశాల్లో బాగా నలిగిన పద్ధతి ఇది, స్కాలర్‌షిప్ ప్రకటిస్తే కాలేజీలు తమ పేజీలో లింక్ పెడతాయి. నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు, డబ్బిచ్చి లింక్ తీసుకోవడానికి అది ఇంకో రూపమే, గూగుల్ పాలసీ చదివినా అదే అర్థమవుతుంది. ఓనర్ గారు మాత్రం "లింక్ రాకపోయినా పర్లేదండి, పిల్లలకి ఇద్దాం" అన్నారు, అలాగే ఆక్వాకల్చర్ చదివే ఇద్దరికి ఫీజు కట్టారు. కాలేజీ వాళ్లు సైట్‌లో ఫోటో పెట్టారు, పేరు రాశారు, లింక్ లేదు. మేం అడగలేదు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి ఇప్పుడు పీజీ చేస్తోంది, ఆ డబ్బు సరైన చోటుకే వెళ్లింది, ఎస్ఈఓ ఖర్చులో మాత్రం నేను దాన్ని రాయలేదు.

మూడోది గెస్ట్ లెక్చర్. మేనేజర్ కాలేజీకి వెళ్లి వైట్ స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బుల గురించి గంటన్నర చెప్పాడు, పిల్లలకి బాగా నచ్చింది. కాలేజీ సైట్‌లో రిపోర్ట్ వచ్చింది, ఎలాగంటే ప్రింట్ తీసి, సంతకం, సీల్ వేసి, స్కాన్ చేసిన పీడీఎఫ్. పీడీఎఫ్‌లో మామూలుగా టైప్ చేసిన లింక్ ఉంటే గూగుల్ దాన్ని మామూలు లింక్ లాగే చూస్తుంది, స్కాన్ అంటే బొమ్మ, అందులో నొక్కడానికి ఏముంటుంది.

ఎక్కడ మలుపు తిరిగింది

ఒకరోజు ల్యాబ్‌లో కూర్చుని ఉన్నా, పని లేక రైతులు వచ్చి రిపోర్ట్ తీసుకెళ్లడం చూస్తున్నా. ప్రతి రైతూ కాగితం తీసుకుని మళ్లీ మేనేజర్ దగ్గరికే వస్తున్నాడు, "ఇదేంటి బాబూ, ఇప్పుడేం చెయ్యమంటావ్" అని. ఆయన రిపోర్ట్ తిప్పి వెనక తెలుగులో రాసిస్తున్నాడు. అడిగితే ఒక నోట్‌బుక్ చూపించాడు, రెండేళ్ల నుంచి రైతులు ఏం అడుగుతున్నారో, తను ఏం చెప్పాడో అంతా రాసిపెట్టుకున్నాడు. పొద్దున్న కొలిచిన అమ్మోనియా పర్లేదన్నారు కదా, సాయంత్రం అదే నంబర్ వస్తే ఎందుకు ప్రమాదం? ఎందుకంటే సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది, పీహెచ్, వేడి పెరిగేకొద్దీ ఆ అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పెరుగుతుంది. ఆక్సిజన్ తెల్లవారుజామునే ఎందుకు పడిపోతుంది, సున్నం ఎప్పుడు వేయాలి, శాంపిల్ బాటిల్‌లో గాలి ఎందుకు ఉండకూడదు, పీసీఆర్‌కి రొయ్యని ఐస్‌లో తేవాలా ఆల్కహాల్‌లో తేవాలా, ఇలాంటివి 60 పేజీలు.

నేను అప్పటిదాకా "ఎవరిని లింక్ అడగాలి" అని ఆలోచిస్తున్నా. ఆ నోట్‌బుక్ చూశాక ప్రశ్న మారిపోయింది. ఇవే ప్రశ్నలు ఊళ్లో ఫిషరీస్ అసిస్టెంట్‌ని అడుగుతారు, కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) సైంటిస్ట్‌ని అడుగుతారు, కాలేజీ లెక్చరర్‌ని అడుగుతారు. వాళ్ల దగ్గర ఉన్నవి ఎక్కువగా ఇంగ్లీష్ పీడీఎఫ్‌లు. వాళ్ల పని తేలికయ్యే కాగితం మన దగ్గర ఉంటే, అడగకపోయినా వాడతారు.

రెండు గైడ్లు రాశాం, "నీటి రిపోర్ట్ ఎలా చదవాలి", "శాంపిల్ ఎలా తీయాలి". తెలుగులో, ఏ4 సైజులో ప్రింట్ అయ్యేలా, ఫోన్‌లో చదివేలా. ఇక్కడ ఓనర్ గారితో రెండు పెద్ద వాదనలు అయ్యాయి.

మొదటిది ఫోన్ నంబర్. పైన పెద్ద బ్యానర్, కింద రేట్ల పట్టిక కావాలన్నారు. నేను వద్దన్నా. "నా డబ్బు పెట్టి రాయించి నా నంబర్ ఉండకూడదేంటండి?" అన్నారు, ఆయన బాధ న్యాయమే. నేను చెప్పింది ఒకటే, ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా ఈ పేజీ రైతుకి పంపితే, రేపు ఎవరో "ఆ ల్యాబ్‌కి ప్రచారం చేస్తున్నావా" అని అడుగుతారు, ఆ భయం ఉన్నంతవరకు పంపడు. చివరికి అడుగున ల్యాబ్ పేరు ఒక్క లైన్ ఉంచాం. రెండోది ఇంకా కష్టమైంది, శాంపిల్ గైడ్‌లో "పరీక్ష ఎక్కడ చేయించాలి" అనే చోట ఆ చుట్టుపక్కల ప్రభుత్వ ల్యాబులు ముందు రాసి, మనది వాటి కింద పెట్టాలన్నా. రెండు వారాలు ఆలోచించి ఒప్పుకున్నారు. ఇప్పుడు వెనక్కి చూస్తే ఈ కేస్ మొత్తంలో ఫలితం ఇచ్చిన నిర్ణయం ఇదే, అది నేను చెప్పడం కంటే ఆయన ఒప్పుకోవడం పెద్ద విషయం.

కాలేజీ లింక్ ఎలా వచ్చింది

ఆంధ్రలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యింది. జిల్లాల్లో బీఎస్సీ ఆక్వాకల్చర్ పిల్లలకి ఎక్కడ చేయాలో తెలియక సర్టిఫికెట్ మాత్రం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. మేనేజర్ నలుగురిని తీసుకున్నాడు, రెండు నెలలు నిజంగానే పని నేర్పించాడు. కాలేజీతో ఎంఓయూ (ఒప్పందం) రాసుకునేటప్పుడు ఓనర్ గారి అకౌంటెంట్ ఒక లైన్ చేర్చాడు, "కాలేజీ తన వెబ్‌సైట్‌లో లింక్ ఇవ్వవలెను" అని. ఆ లైన్ నేనే కొట్టేయించా. పిల్లల ట్రైనింగ్‌కి లింక్ షరతు పెడితే అది బేరం అయిపోతుంది.

అయినా లింక్ వచ్చింది, కారణం న్యాక్, అంటే కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ. న్యాక్‌కి వెళ్లే కాలేజీ ఎంఓయూలు, ఇంటర్న్‌షిప్‌లు నిజంగా జరిగాయని డాక్యుమెంట్లు, లింకులు చూపించాలి, ఆ పని ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ నెత్తిన ఉంటుంది. మేం ల్యాబ్ సైట్‌లో ఒక పేజీ పెట్టాం, ఆ బ్యాచ్ ఏ తేదీల్లో వచ్చింది, ఏ పరీక్షలు నేర్చుకుంది, పిల్లలు కలిసి గీసిన సీజన్ వారీ ఉప్పుశాతం గ్రాఫ్, రైతుల పేర్లు లేకుండా. కోఆర్డినేటర్ మేడమ్‌కి ఆ పేజీ అడ్రస్ పంపితే ఆమె ఫోన్ చేసి "నాకు కావాల్సింది ఇదే కదండీ, మిగతా కంపెనీల వాళ్లు ఒక సర్టిఫికెట్ ఇచ్చి ఊరుకుంటారు" అన్నారు. కాలేజీ సైట్‌లో ఇంటర్న్‌షిప్ పేజీ నుంచి ఒక లింక్, న్యాక్‌కి ఏటా ఇచ్చే ఏక్యూఏఆర్ రిపోర్ట్ పీడీఎఫ్‌లో ఇంకోటి వచ్చాయి. ఈసారి పీడీఎఫ్ స్కాన్ కాదు, వర్డ్ నుంచి నేరుగా తీసింది.

కేవీకే లింక్

ఈసారి మెయిల్ పెట్టలేదు. మేనేజర్ రెండు గైడ్లు ప్రింట్ తీసుకుని, తెలుగులో లెటర్ రాసి, స్వయంగా కేవీకేకి వెళ్లి, ఉత్తరాలు తీసుకునే ఇన్‌వార్డ్‌లో ఇచ్చి సీల్ వేయించుకుని వచ్చాడు. లెటర్‌లో లింక్ అనే మాటే లేదు, "రైతు శిక్షణల్లో ఉచితంగా వాడుకోవచ్చు, తప్పులుంటే చెప్పండి, సరిచేస్తాం" అని రాశాం. సైంటిస్ట్ గారు రెండు చోట్ల తప్పు చూపించారు, ఒకటి శాంపిల్ తీసే లోతు గురించి, ఒకటి ఒక పదం రైతులకి అర్థం కాదని. అదే రోజు సరిచేసి మళ్లీ ప్రింట్ ఇచ్చాం. ఐదు వారాల తర్వాత వాళ్ల సైట్‌లో రైతు సమాచారం పేజీలో గైడ్ లింక్ కనిపించింది, శిక్షణ హ్యాండవుట్ మీద క్యూఆర్ కోడ్ కూడా వేశారు. తప్పులు దిద్దిన మనిషికి ఆ కాగితం తనది కూడా అనిపిస్తుంది, నేను అలా అర్థం చేసుకున్నా.

ఫలితం, ఉన్నది ఉన్నట్టు

పది నెలల్లో వచ్చినవి మూడే మూడు లింకులు. కొన్న 150తో పోలిస్తే నంబర్ చిన్నది. తెలుగు గైడ్లు వాటి ప్రశ్నలకి మొదటి పేజీలోకి వచ్చాయి, కానీ శాంపిల్ గైడ్ కేవీకే లింక్ రాకముందే పైకి రావడం మొదలైంది, అందుకని క్రెడిట్ అంతా లింక్‌కి ఇవ్వలేను. ఆ ప్రశ్నలకి తెలుగులో సరైన పేజీ లేకపోవడమే పెద్ద కారణం అని నా అంచనా. "దగ్గర్లో ఆక్వా ల్యాబ్" లాంటి వెతుకులాటలో మాత్రం పెద్ద తేడా లేదు, అక్కడ మ్యాప్ లిస్టింగ్, దూరం, రివ్యూలు నడిపిస్తాయి, ఆ పని విడిగా చేశాం.

లింక్ నొక్కి వచ్చేవాళ్లు తక్కువ. కానీ క్యూఆర్ స్కాన్ చేసి వచ్చిన రైతులు శాంపిల్ సరిగ్గా తెస్తున్నారు, "ఐస్‌లో పెట్టి తెచ్చానండి, కాగితంలో అలా ఉంది" అని చెప్పి మరీ ఇస్తున్నారు. మళ్లీ శాంపిల్ తెమ్మని తిప్పి పంపడం బాగా తగ్గిందని మేనేజర్ అన్నాడు.

ఒక దెబ్బ కూడా తగిలింది. ఏడాది తిరక్కుండానే కాలేజీ సైట్ కొత్త డిజైన్‌కి మార్చారు, ఇంటర్న్‌షిప్ పేజీ 404 (పేజీ లేదు) అయిపోయింది, కోఆర్డినేటర్ మేడమ్ వేరే కాలేజీకి వెళ్లిపోయారు. పీడీఎఫ్ మాత్రం అలాగే ఉంది, న్యాక్‌కి ఇచ్చిన డాక్యుమెంట్ కాబట్టి దాన్ని తీయరు. అప్పటి నుంచి నేను ఇలాంటి పనిలో ఒకటి ముందే చూసుకుంటున్నా, లింక్ ఒక మనిషి ఇష్టం మీద ఉందా, ఆ సంస్థ దాచుకోవాల్సిన కాగితంలో ఉందా అని. ట్రాన్స్‌ఫర్లు, కొత్త వెబ్ డిజైనర్లు మన చేతిలో లేరు. కొత్తగా వచ్చిన సార్‌కి పాత పేజీ గురించి చెప్పలేదు, రెండో బ్యాచ్ పేజీ రెడీ చేసి పంపాం, ఆయనే పెట్టుకున్నారు.

ఈ మధ్య ల్యాబ్ సైట్ కూడా కొత్త థీమ్‌లోకి మార్చాం. మార్చేముందు నేను మొదట రాసిపెట్టుకున్నవి ఆ రెండు గైడ్ల అడ్రస్‌లే, అక్షరం కూడా మారకూడదని, ఎందుకంటే ఆ క్యూఆర్ ఉన్న హ్యాండవుట్లు ఇప్పటికే ఎన్నో చెరువుల దగ్గర షెడ్లలో గోడకి అంటించి ఉన్నాయి. మేనేజర్ రెండో నోట్‌బుక్ మొదలుపెట్టాడు, ఈసారి ఎక్కువ ప్రశ్నలు ఈహెచ్‌పీ మీదే ఉన్నాయి, మూడో గైడ్ దాని మీద రాస్తున్నాం, డ్రాఫ్ట్ సైంటిస్ట్ గారి టేబుల్ మీద ఉంది.